సోలార్ మోటారు పెట్టే ముందు రైతు కుటుంబం వేసుకోవాల్సిన లెక్కలు

ఊళ్లో ఒకరి పొలంలో సోలార్ పలకలు కనబడగానే పక్క రైతు అడిగే మొదటి మాట, "సబ్సిడీ ఎంత?" నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది, ఇప్పుడు మోటారు దేనిమీద నడుస్తోంది? రెండోది, బోరులో నీళ్లు ఎన్నున్నాయి? ఈ రెండింటికీ జవాబు దొరికాకే సబ్సిడీ లెక్క పనికొస్తుంది. ఎండకు బిల్లు ఉండదు. కానీ పలకలకు, మోటారుకు ధర ఉంది. భూమి లోపలి నీళ్లకు హద్దు ఉంది.

పంపు ఎలా పనిచేస్తుంది, పథకంలో ఏముంది, ఎవరికి లాభం, ఎవరికి అంతగా ఉండదు, సూద్ లేకుండా ఎలా పెట్టుకోవచ్చు, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది అన్న విషయాలు ఒక్కొక్కటిగా కింద ఉన్నాయి.

సోలార్ పంపు ఎలా నడుస్తుంది?

సెట్టులో మూడు ముఖ్యమైన భాగాలుంటాయి. పలకలు, కంట్రోలర్, మోటారు పంపు. పలకల మీద వెలుతురు పడితే డీసీ కరెంటు పుడుతుంది. కంట్రోలర్ ఆ కరెంటును మోటారుకు సరిపడేలా మార్చి పంపుతుంది. ఇంటి ఇన్వర్టర్‌లా దీనికి బ్యాటరీ ఉండదు. కాబట్టి పగలే నడుస్తుంది, రాత్రి ఆగిపోతుంది. పొద్దెక్కే కొద్దీ నీళ్ల ధార పెరుగుతుంది. జుహర్ వేళకు బాగా పోస్తుంది. అసర్ దాటాక తగ్గిపోతుంది. మబ్బు పట్టిన రోజు ధార సన్నబడుతుంది. అందుకే చాలామంది ముందు తొట్టి నింపుకుని, ఆ తర్వాత తీరిగ్గా పారించుకుంటారు.

ఒక హెచ్‌పీ మోటారుకు దాదాపు 900 నుంచి 1,000 వాట్ల పలకలు కావాలి. 5 హెచ్‌పీ సెట్టుకు 4,800 వాట్లు పెడతారు. ఇప్పుడు బజార్లో దొరికే 540 వాట్ల పెద్ద పలకలైతే 9 సరిపోతాయి. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు 4 యూనిట్ల దాకా కరెంటు ఇస్తాయి. అంటే 5 హెచ్‌పీ సెట్టు నుంచి రోజుకు సుమారు 19 యూనిట్లు వస్తాయి. పలకలు దక్షిణం వైపు చూడాలి, కొంచెం వాలుగా ఉండాలి.

హెచ్‌పీ ఒక్కటే చూసి సెట్టు ఎంచుకోకూడదు. నీళ్లు ఎంత లోతు నుంచి పైకి రావాలన్నదే అసలు సంగతి. అదే కరెంటుతో లోతు రెట్టింపైతే వచ్చే నీళ్లు దాదాపు సగమవుతాయి. వందడుగుల్లో నీళ్లున్న పక్క ఊరి రైతుకు ఎకరాలకు ఎకరాలు పారిన సెట్టు, మూడు వందల అడుగుల బోరు మీద అలా పారదు. కంపెనీ మనిషి బోరు లోతు, నీటి మట్టం, వేసవిలో అది ఎంత దిగుతుందో అడగకుండానే "5 హెచ్‌పీ సరిపోద్ది" అన్నాడంటే, ఆ మాట మీద నమ్మకం పెట్టుకోకపోవడం మంచిది.

కుసుమ్ పథకంలో ఏముంది?

వ్యవసాయానికి సౌరశక్తి కోసం కేంద్రం నడిపే పథకం పేరు పీఎం కుసుమ్. దీన్ని 2019 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. గడువును తర్వాత 2026 మార్చి దాకా పొడిగించారు. పథకంలో మూడు భాగాలున్నాయి. రైతులు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే.

మొదటి భాగం, అంటే 'ఎ', పంపుల గురించి కాదు. బీడు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా చిన్న విద్యుత్ కేంద్రం పెట్టి, కరెంటును డిస్కంకు అమ్మడం. రైతు స్వయంగా పెట్టొచ్చు, పదిమంది కలిసి పెట్టొచ్చు, భూమిని లీజుకూ ఇవ్వొచ్చు. భూమి సబ్‌స్టేషన్‌కు దగ్గరగా ఉండాలి. 5 కిలోమీటర్ల లోపు ఉన్న భూములకు ప్రాధాన్యం.

రెండో భాగం 'బి'. కరెంటు లైను లేనిచోట విడిగా నడిచే సోలార్ పంపులకు సాయం. 7.5 హెచ్‌పీ వరకు సబ్సిడీ లెక్క కడతారు. ఒక్కో రైతుతో పాటు నీటి వినియోగదారుల సంఘాలు, ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలు కూడా అర్హులే.

మూడో భాగం 'సి'. ఇప్పటికే కరెంటు కనెక్షన్ ఉన్న మోటార్లను సౌరశక్తికి మార్చడం. దీనిలో రెండు దారులున్నాయి. ఒకటి, రైతు తన మోటారు దగ్గరే పలకలు పెట్టుకుని, తనకు మిగిలిన కరెంటును డిస్కంకు అమ్మడం. మోటారు సామర్థ్యానికి రెండింతల వరకు పలకలు పెట్టే వీలుంది. రెండోది, వ్యవసాయ ఫీడర్ మొత్తానికి కలిపి ఒకచోట సోలార్ కేంద్రం పెట్టడం. ఈ ఫీడర్ పద్ధతిని 2020 చివర్లో చేర్చారు. దీనికి రైతు చేతి నుంచి డబ్బు పెట్టక్కర్లేదు, పొలంలో పలకలూ ఉండవు. పగటిపూట కరెంటు వస్తుంది, అంతే. మహారాష్ట్రలో ఇలాంటి రాష్ట్ర పథకం 2017 నుంచే ఉంది.

మూడు భాగాలూ అన్ని జిల్లాల్లో ఒకేసారి నడవవు. రాష్ట్రం టెండర్ పిలిచి, కంపెనీల జాబితా ఖరారు చేశాకే దరఖాస్తులు తీసుకుంటారు. తెలంగాణలో టీజీ రెడ్కో, ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, రెండు చోట్లా డిస్కంల కార్యాలయాలు అడగాల్సిన చోట్లు. తెలంగాణలో 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారం నుంచి మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం వేరే పథకం. అది అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతులకు ఉద్దేశించింది. అందరికీ వర్తించదు. "వాళ్లకు ఫ్రీగా వచ్చింది, మీకూ ఇప్పిస్తా" అని ఎవరైనా వస్తే ఈ తేడా గుర్తుండాలి.

లాభం ఎవరికి? కాగితం మీద లెక్క

'బి' భాగంలో సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరిస్తాయి. మిగిలిన 40 శాతం రైతుది. అందులో 30 శాతం వరకు బ్యాంకు అప్పుగా తీసుకోవచ్చు. అంటే చేతి నుంచి వెంటనే పడేది 10 శాతం. కేంద్ర సాయాన్ని నిర్ణీత ధర, టెండర్ ధర రెండింటిలో ఏది తక్కువైతే దానిమీదే కడతారు.

లెక్క కోసం సెట్టు ధర 3 లక్షల రూపాయలు అనుకుందాం. కేంద్రం 90 వేలు, రాష్ట్రం 90 వేలు ఇస్తే రైతు వాటా 1 లక్షా 20 వేలు.

ఇప్పుడు డీజిల్ ఇంజన్ మీద నడిపే రైతును తీసుకుందాం. 5 హెచ్‌పీ ఇంజన్ గంటకు దాదాపు లీటరు డీజిల్ తాగుతుంది. రోజుకు 6 గంటలు, ఏడాదిలో 100 రోజులు నడిపితే 600 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 57 వేలు. ఆయిలు మార్పు, రిపేర్లు అదనం. ఈ రైతుకు తన వాటా రెండేళ్లకు కొంచెం అటూ ఇటూగా తిరిగొచ్చేస్తుంది. పలకల పనితీరుకు మామూలుగా 25 ఏళ్ల హామీ ఉంటుంది. కరెంటు స్తంభం చేరని పొలానికి, వాగు పక్కన ఇంజన్ పెట్టి నడిపే రైతుకు సోలార్ నిజంగా మేలు.

మరి ఉచిత కరెంటు ఉన్న రైతుకు? ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది. బిల్లే లేని రైతు 1 లక్షా 20 వేలు పెట్టి సోలార్ తెచ్చుకుంటే బిల్లులో మిగిలేది సున్నా. అతనికి దక్కే లాభం వేరే. లో వోల్టేజీకి మోటారు కాలిపోయే బాధ, ట్రాన్స్‌ఫార్మర్ పోతే వారాలపాటు ఎదురుచూపు, అర్ధరాత్రి స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లి పాము కాటుకో, షాక్‌కో గురయ్యే ప్రమాదం ఉన్నచోట ఆ లాభానికి విలువుంది. ఏడాదిలో మోటారు రివైండింగ్‌కు ఎంత పెడుతున్నాడో, ఎన్ని రోజులు పంట ఎండిందో రాసుకుంటే ఆ విలువ ఎంతో తేలుతుంది. ఆ బాధలేవీ లేకపోతే, తన డబ్బు పెట్టే ముందు ఫీడర్ సౌరీకరణ తన ఊరికి వస్తుందేమో అడిగి చూడటం తెలివైన పని.

కొత్తగా బోరు వేసి, కనెక్షన్ కోసం స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు డబ్బు కట్టాల్సిన రైతు పరిస్థితి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. లైను లాగడానికి పడే ఖర్చును, సోలార్‌లో తన వాటాను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

రైతు వాటా సూద్ లేకుండా ఎలా?

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. ఒక విషయం స్పష్టంగా తెలియాలి. బ్యాంకు అప్పు పథకంలో ఒక వెసులుబాటు మాత్రమే, తప్పనిసరి షరతు కాదు. రైతు తన 40 శాతం మొత్తాన్నీ స్వయంగా కట్టొచ్చు. ఏజెంట్లు లోను కాగితాలు ముందే కలిపి సంతకాలు పెట్టించుకుంటే, వద్దని చెప్పే హక్కు రైతుకుంది.

మొత్తం ఒకేసారి లేనప్పుడు కుటుంబాలకు ఉన్న దారులు ఇవి. మొదటిది, దగ్గరివాళ్ల నుంచి ఖర్జె హసనా. అప్పు ఇచ్చింది ఎవరైనా మొత్తం, గడువు, ఇద్దరు సాక్షులు కాగితం మీద ఉండాలి. అన్నదమ్ముల మధ్య కూడా ఇది తప్పు పట్టుకునే విషయం కాదు. రెండోది, వడ్డీ లేని పొదుపు, పరపతి సంఘం ఊళ్లోనో, పట్నంలోనో ఉంటే అక్కడ సభ్యత్వం. మూడోది, అవసరానికి తగ్గ చిన్న సెట్టు. రెండెకరాల కూరగాయలకు డ్రిప్ ఉంటే 3 హెచ్‌పీతో సరిపోయే చోట 7.5 హెచ్‌పీకి అప్పు చేయడం అనవసరం. నాలుగోది, పక్కపక్క కమతాల రైతులు సంఘంగా ఏర్పడి ఒకే సెట్టు పెట్టుకోవడం. ఇందులో ఎవరికి ఏ రోజు నీళ్లు, రిపేరుకు ఎవరు ఎంత అన్నది ముందే రాసుకోకపోతే మొదటి వేసవికే మనస్పర్థలు వస్తాయి.

పట్టా ఎవరి పేరు మీద ఉంది?

దరఖాస్తులు ఆగిపోవడానికి ఒక పెద్ద కారణం డబ్బు కాదు, కాగితం. చాలా ఇళ్లలో పట్టా ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదో, తాత పేరు మీదో ఉంటుంది. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకుని సాగు చేసుకుంటుంటారు. ఫౌతీ చేయించరు. అక్కాచెల్లెళ్ల వాటా మాట ఎత్తరు. సబ్సిడీ దరఖాస్తుకు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా ఒకే పేరుతో కలవాలి. అందుకే సోలార్ కోసం కాకపోయినా, వారసుల పేర్లు నమోదు చేయించుకోవడం ముందు పూర్తిచేయాల్సిన పని. ఆడబిడ్డల వాటా తేల్చకుండా 25 ఏళ్లు నిలిచే పరికరాన్ని ఉమ్మడి భూమిలో పెడితే, రేపు తగాదా పలకల చుట్టూనే తిరుగుతుంది.

కౌలు రైతులది ఇంకో ఇబ్బంది. ఏటా మారే కౌలు భూమిలో దిమ్మెలు కట్టి పలకలు పెట్టడానికి యజమాని సమ్మతి కావాలి. యజమాని మాట మారిస్తే పెట్టిన సొమ్ము పోతుంది. ఇలాంటివాళ్లు చక్రాల బండి మీద తీసుకెళ్లగలిగే చిన్న సెట్ల గురించి ఆలోచించొచ్చు. వాగు, కుంట, తక్కువ లోతు బావి నుంచి తోడడానికి అవి పనికొస్తాయి. లోతు బోరుకు పనికిరావు. పెద్ద సెట్టే కావాలంటే యజమానితో కలిసి దరఖాస్తు చేసి, కౌలు ఎన్నేళ్లో రాతపూర్వకంగా పెట్టుకోవడం ఒక్కటే భద్రమైన మార్గం.

బోరు ఎండితే పలకలేం చేస్తాయి?

డీజిల్ మీద నడిపే రైతు ప్రతి గంటా ఖర్చు చూసుకుంటాడు, కాబట్టి అవసరం తీరగానే ఇంజన్ ఆపేస్తాడు. సోలార్ వచ్చాక ఆ పట్టింపు పోతుంది. ఎండ ఉన్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. మడి నిండినా నీళ్లు పోతూనే ఉంటాయి. తెలంగాణ, రాయలసీమల్లో చాలావరకు గట్టి రాతి నేల. నీళ్లు పై పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తాయి. ఒక బోరు అదేపనిగా తోడితే పక్క బోర్లూ దిగిపోతాయి. అప్పటికి పెట్టిన సెట్టు ఉచిత ఎండలో ఊరికే మెరుస్తూ ఉంటుంది.

ఈ ప్రమాదం పథకం రూపొందించినవాళ్లకూ తెలుసు. భూగర్భ జలాలు మితిమీరి వాడేసిన ప్రాంతాల్లో 'బి' కింద కొత్త సోలార్ పంపులకు అనుమతి లేదు. అక్కడ ఉన్న డీజిల్ పంపులను మార్చుకోవాలన్నా డ్రిప్, స్ప్రింక్లర్ లాంటి సూక్ష్మ సేద్యం ఉండాలి. ఏటా భూమిలోకి చేరే నీటిలో 70 శాతం లోపు వాడితే సురక్షితం, 90 శాతం దాటితే ప్రమాదకరం, 100 శాతం దాటితే మితిమీరిన వాడకం అని ప్రభుత్వం వర్గీకరిస్తుంది. ఊరు ఏ వర్గంలో ఉందో జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయంలో చెబుతారు. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.

దీనికి ఒక పరిష్కారం గుజరాత్‌లోని ధుండి గ్రామం చూపింది. ఖేడా జిల్లాలోని ఆ ఊళ్లో అంతకుముందు డీజిల్ పంపులు వాడిన ఆరుగురు రైతులు 2015, 2016లలో సోలార్ పంపులతో సహకార సంఘంగా ఏర్పడ్డారు. నీళ్లు అవసరం లేని వేళ పలకల కరెంటును డిస్కంకు అమ్మారు. యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల చొప్పున 25 ఏళ్ల ఒప్పందం కుదిరింది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్లకు అండగా నిలిచింది. ఇక్కడ కిటుకు సులువైనది. అనవసరంగా తోడిన ప్రతి గంటకూ అమ్ముకోవాల్సిన కరెంటు పోతుంది. అంటే మోటారు కట్టేయడానికి రైతుకు మళ్లీ ఒక కారణం దొరికింది. గుజరాత్ ప్రభుత్వం 2018లో సూర్యశక్తి కిసాన్ యోజన తెచ్చింది, కుసుమ్ 'సి' భాగంలోనూ ఇదే ఆలోచన ఉంది.

అమ్మే వీలు లేనిచోట రైతు తనకు తానే హద్దు పెట్టుకోవాలి. డ్రిప్ వేయడం, టైమర్ పెట్టడం, వరి బదులు ఆరుతడి పంటలు, చేనులో ఇంకుడు గుంత. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీళ్లు వృథా చేయొద్దని బోధించిన ధర్మం మనది. బోరు నీళ్లు పక్క రైతుకూ, రేపటి పిల్లలకూ చెందిన అమానత్.

ఉష్ర్ లెక్క మారుతుందా?

పంట జకాత్ గురించి రైతు కుటుంబాల్లో వచ్చే ప్రశ్న ఇది. వర్షం నీటితో పండిన పంటలో పదో వంతు, శ్రమ, ఖర్చు పెట్టి తోడిన నీటితో పండితే ఇరవయ్యో వంతు అన్నది హదీసుల్లో ఉన్న మూల సూత్రం. రెండూ కలిస్తే ఎక్కువ భాగం దేనితో పండిందో చూస్తారు. మరి సోలార్‌లో రోజువారీ ఖర్చు లేదు కదా, ఇది వర్షం లాంటిదా, మోట లాంటిదా? యంత్రం కొని, డబ్బు పెట్టి నీటిని పైకి తెస్తున్నారు కాబట్టి తోడిన నీటి కిందికే వస్తుందని అనిపిస్తుంది. కానీ సబ్సిడీ సెట్టు, ఉమ్మడి సెట్టు, కౌలు పంట లాంటి సందర్భాల్లో, అసలు మన ప్రాంతపు భూములపై ఉష్ర్ విషయంలోనే ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి. తమ పరిస్థితి పూర్తిగా చెప్పి స్థానిక ముఫ్తీ దగ్గర మసలా తెలుసుకోవడమే సరైనది.

బీడు భూమిలో కరెంటు పండించడం

'ఎ' భాగం కింద ఒక మెగావాట్ కేంద్రానికి 4 నుంచి 5 ఎకరాలు కావాలి. ఏడాదికి 15 లక్షల యూనిట్లు వస్తాయనుకుందాం. తెలంగాణలో ఈ కరెంటుకు ఖరారైన ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. అంటే ఏడాదికి దాదాపు 47 లక్షల రాబడి. వినడానికి బాగుంటుంది. కానీ కేంద్రం కట్టడానికి కోట్లలో పెట్టుబడి కావాలి. అందులో ఎక్కువ భాగం బ్యాంకు అప్పే అవుతుంది. ఇన్సూరెన్స్, కాపలా, రిపేర్లు పోను మిగిలేదే లాభం. సూద్ వద్దనుకునే చిన్న కుటుంబానికి ఇది అందే పని కాదు.

భూమి లీజుకు ఇవ్వడం సులువే. కానీ ఒప్పందం 25 ఏళ్లది. ఇవాళ పాతికేళ్ల కొడుకు ఆ భూమి తిరిగి చూసేసరికి అతనికి యాభై వస్తాయి. సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు కాగితంలో ఉన్నాయా చూడాలి. కౌలు ఏటా ఎంత పెరుగుతుంది? కంపెనీ మధ్యలో వదిలేస్తే పలకలు, దిమ్మెలు ఎవరు తీసేస్తారు? ఆ భూమిని తాకట్టు పెట్టే హక్కు కంపెనీకి ఇచ్చారా? వారసులందరూ సంతకం పెట్టారా? తెలుగులో చదివి వినిపించని కాగితం మీద వేలిముద్ర వేయకూడదు.

పంపు ఒక్కటే కాదు

మోటారు ఏడాదంతా నడవదు. మిగతా రోజుల్లో పలకల కరెంటు వృథా కాకుండా యూనివర్సల్ కంట్రోలర్ వచ్చింది. దాంతో గడ్డి కోసే యంత్రం, పిండి మర, ఆరబెట్టే యంత్రం లాంటివి కూడా నడుపుకోవచ్చు. సెట్టు కొనేటప్పుడే ఇది అడగాలి.

అడవి పందుల బెడద ఉన్నచోట సోలార్ కంచె ఉపయోగపడుతుంది. చిన్న పలక, బ్యాటరీ, ఒక యంత్రం కలిసి తీగలోకి క్షణకాలం షాక్ పంపుతాయి. జంతువు బెదిరి వెళ్లిపోతుంది, చావదు. దీన్ని స్తంభం నుంచి నేరుగా కంచెకు కరెంటు కలపడంతో పోల్చకూడదు. అది నేరం. పొలానికి వెళ్లిన సొంత ఇంటివాళ్లే ప్రాణాలు కోల్పోయే పని.

గుంటూరు వైపు మిర్చి, నిజామాబాద్ వైపు పసుపు కళ్లంలో ఎండబెడతారు. అకాల వాన పడితే మిర్చికి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ధర పడిపోతుంది, ఎగుమతికి పనికిరాదు. పైకప్పు ఉన్న సోలార్ డ్రయ్యర్‌లో దుమ్ము, వాన తగలవు. ఒక కుటుంబానికి ఖర్చు ఎక్కువైతే మహిళా సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో పెట్టుకోవచ్చు.

పాడి ఉన్న ఇంటికి గోబర్ గ్యాస్ పాత మిత్రుడే. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. నాలుగైదు పశువులుంటే చాలు. నలుగురైదుగురున్న ఇంటి వంట గడుస్తుంది. బయటికొచ్చే స్లరీ చేనుకు మంచి ఎరువు.

మోసాల నుంచి జాగ్రత్త

కుసుమ్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేస్తున్నాయని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ పలుమార్లు హెచ్చరించింది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి డబ్బు కట్టకూడదు. అసలు ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా 'డాట్ జీఓవీ డాట్ ఇన్'తో ముగుస్తుంది. అనుమానం ఉంటే 1800-180-3333 టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. రైతు వాటా ఏజెంటు సొంత ఖాతాకు, ఫోన్ పేకు పంపకూడదు. అధికారికంగా చెప్పిన ఖాతాకే కట్టి రసీదు తీసుకోవాలి. కంపెనీ జాబితాలో ఉందో లేదో, ఐదేళ్ల మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్ కాగితాలు చేతికిచ్చారో లేదో చూసుకోవాలి.

పెట్టాక చూసుకోవాల్సినవి

పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. వారం పది రోజులకోసారి ఫజ్ర్ తర్వాత, పలకలు చల్లగా ఉన్నప్పుడు మంచి నీళ్లతో, మెత్తని గుడ్డతో తుడవాలి. మండే ఎండలో చల్లటి నీళ్లు కొట్టకూడదు. ఒక మూల కొమ్మ నీడ పడినా మొత్తం సెట్టు పనితీరు పడిపోతుంది. ఎర్తింగ్, పిడుగు నిరోధకం ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో అందరికీ చెప్పాల్సిన మాట ఒకటుంది. స్విచ్ కట్టేసినా, వెలుతురు ఉన్నంతసేపు పలకల తీగల్లో కరెంటు ఉంటుంది. తీగ ఊడితే చేత్తో ముట్టుకోకూడదు, టెక్నీషియన్‌నే పిలవాలి.

చివరగా, కంపెనీ మనిషి ఇంటికి రాకముందే కుటుంబం కూర్చుని ఒక తెల్లకాగితం మీద ఐదు విషయాలు రాసుకుంటే చాలు. మోటారు ఇప్పుడు దేనిమీద నడుస్తోంది, ఏడాది ఖర్చెంత? మే నెలలో బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి? పట్టా ఎవరి పేరు మీద ఉంది? రైతు వాటా ఎక్కడి నుంచి వస్తుంది? మిగిలిన కరెంటు దేనికి వాడతారు? ఈ ఐదింటికీ జవాబులుంటే సోలార్ ఆ ఇంటికి బరకత్ తెస్తుంది. జవాబుల్లేకుండా సబ్సిడీ చూసి పెట్టుకుంటే, బోరు దిగిపోయిన వేసవిలో అదే సెట్టు భారమవుతుంది.